ఓరెస్ట్ బాబియాక్ కొట్టిన ఒకే ఒక దెబ్బ

ఓరెస్ట్ బాబియాక్ అరవై మూడేళ్ళ బతుకులో మనిషన్నవాణ్ణి కొట్టింది ఒక్కసారే. ఆ ఒక్క దెబ్బా పగవాడి మీద పడిందా అంటే అదీ లేదు. కెనడాలో మా సస్కాచివాన్ పల్లెల్లో పగవాణ్ణి పెట్టుకునేంత జనం ఉండరు. ఉన్న నలుగురితోనూ పేచీ పెట్టుకుంటే జనవరిలో బండి మంచులో కూరుకుపోయినప్పుడు లాగేదెవరు? అందుకని ఓరెస్ట్ తన చిన్ననాటి స్నేహితుణ్ణి, కట్టుకున్న భార్యకు స్వయానా అన్నని, లార్న్ థీసెన్‌ని కొట్టి దవడ విరగ్గొట్టాడు. కారణం అడిగితే ఇప్పటికీ తల గోక్కుంటాడు. లార్న్ నిజం చెప్పాడట. అదీ లార్న్ చేసిన నేరం.

పోనీ ఆ నిజం విలువ తెలియని మూర్ఖుడా మావాడు? ఊరికంతా దాని గురించి పాఠాలు చెప్పింది ఇతనే. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అని మనవాళ్ళు ఊరికే అన్నారా!

మాది కర్లింగ్ ఊరు. ఐసు మీద బరువైన గుండ్రాయిని జార్చి వదులుతారు, దాని ముందు ఇద్దరు చీపుళ్ళతో పరపరా రుద్దుతూ పరిగెడతారు, రాయి వెళ్ళి అవతలి వలయం మధ్యలో ఆగాలి. చలికాలంలో మాకు ఇంతకన్నా పని లేదు. ఈ ఆటకి అంపైరు అక్కర్లేదు. కదిలే రాయికి చీపురు తగిలితే, తగిలించినవాడే నోరు విప్పి చెప్పాలి. ఎవరూ చూడకపోయినా చెప్పాలి. చెప్పనివాడి పక్కన కూర్చుని మా ఊళ్ళో ఎవరూ కాఫీ తాగరు.

ఎండాకాలం ట్రాక్టర్లు బాగుచేసుకునే ఓరెస్ట్, శీతాకాలమంతా ఆట ఆడే రింకులో ఐసు చూసుకునేవాడు. బడిపిల్లలకి ఆట నేర్పేదీ అతనే. రాయి ఎలా వదలాలో కాస్త చెప్పి, నిజాయితీ గురించి బండెడు చెప్పేవాడు. "ఒరేయ్, రాయి వెనక దేవుడు నిలబడి ఉంటాడురా!" అని వేలు చూపించేవాడు. పిల్లలు ఆ వేలివైపు చూసేవాళ్ళు తప్ప రాయివైపు చూసేవాళ్ళు కాదు. లార్న్ మాత్రం ఎన్నడూ పాఠం చెప్పలేదు. భార్య పోయాక ఒంటరిగా ఉంటూ, ఊరికున్న ఒక్క ఇనుప సామాను కొట్లో మేకులూ బోల్టులూ అమ్మేవాడు. మాట పొదుపు. రెండో తరగతి నుంచీ ఓరెస్ట్ మాట్లాడటం, లార్న్ వినడం, అలా జరిగిపోయింది. చెల్లెలు మార్లీన్‌ని ఓరెస్ట్‌కి ఇచ్చి చేస్తున్నప్పుడు కూడా పెళ్ళి విందులో లార్న్ అన్నది ఒక్క ముక్క: "బావా, దాన్ని మధ్యలో ఆపకుండా మాట్లాడనియ్యి." ఓరెస్ట్ ఆ ఒక్క మాటా వినలేదు.

ఫిబ్రవరిలో రైతుల పోటీ. ఆఖరి ఆట, ఆఖరి రాయి, వేస్తున్నది ఓరెస్ట్. లార్న్ అతని జట్టులోనే. ఎదురుగా పక్కూరి జట్టు. గెలిచినవాళ్ళకి బహుమతి తలా ఒక పొగబెట్టిన పంది తొడ. అవును, పంది తొడే. ఎన్నేళ్ళ స్నేహం ఎంత బరువుకి తూగిందో చెప్పాలంటే ఓరెస్ట్ ఇప్పటికీ చేతులతో ఆ తొడ సైజు చూపించి, తలొంచుకుంటాడు.

రాయి బాగానే వచ్చింది. వలయంలోకి వచ్చాక కాస్త నీరసించింది. అక్కడ కాపు కాస్తున్న లార్న్ కూడా చీపురు దించి ఊడ్చాడు. రాయి పాకుతూ పాకుతూ వెళ్ళి నట్టనడుమ కూర్చుంది. పైన గాజు గదిలో ఉన్న మావాళ్ళంతా లేచి అరిచారు. ఓరెస్ట్ రెండు చేతులూ ఎత్తాడు. మనసులో అప్పుడే ఆ తొడ ఓవెన్‌లోకి వెళ్ళిపోయింది.

లార్న్ చీపురు పక్కన పెట్టి, "నాది తగిలింది," అన్నాడు.

పక్కూరి నాయకుడు బిత్తరపోయాడు. "ఎక్కడ తగిలింది? మేమెవరం చూళ్ళేదే!"

"చివర్లో. కాస్త."

తప్పు చెప్పాక ఆ రాయిని ఉంచాలా తియ్యాలా అన్నది ఎదుటివాళ్ళ ఇష్టం. ఆ నాయకుడు పాపం రెండుసార్లు సారీ చెప్పి, రాయిని కాలితో పక్కకు నెట్టాడు. మావాళ్ళు ఓడిపోయారు.

ఆట అవగానే అందరూ అందరితోనూ చేతులు కలపాలి. ఓరెస్ట్ పక్కూరి వాళ్ళతో వరసగా కలిపాడు, నవ్వాడు కూడా. తరవాత లార్న్ దగ్గరకొచ్చాడు. లార్న్ చెయ్యి చాపాడు. ఓరెస్ట్ కూడా చెయ్యే ఎత్తాడు. అది దారిలో ఎప్పుడు పిడికిలి అయిందో తనకి తెలియదంటాడు కానీ, తెలుసు. లార్న్ ఎడమ బూటు అడుగున ఉన్నది ఐసు మీద జారే నున్నటి పలక. దెబ్బకి ఆ కాలు లేచిపోయింది, గడ్డం వెళ్ళి రాయి అంచుకు కొట్టుకుంది. చిన్న చప్పుడు. బిస్కెట్టు విరిగినట్టు.

ఇక్కడ ఓరెస్ట్ తన గురించి తాను చెప్పుకునే ముక్క ఒకటుంది. స్నేహితుడు ఐసు మీద రక్తం కక్కుతుంటే తన మొదటి చూపు స్కోరు బోర్డు మీదికి పోయిందట, అంకె ఏమైనా మారిందేమోనని.

ఆస్పత్రికి పోలీసు కానిస్టేబుల్ వచ్చింది. బెర్జెరాన్ అని క్విబెక్ నుంచి బదిలీ మీద వచ్చిన పిల్ల. ఆమె లార్న్‌ని ఏమైందని అడిగితే, దవడ కట్టు కట్టించుకుంటున్న లార్న్ అరచేతి మీద రెండు వేళ్ళు నిలబెట్టి జర్రున జార్చి చూపించాడు. జారిపడ్డాను అని. బయట వరండాలో ఉన్న ఓరెస్ట్‌ని అడిగింది. ఓరెస్ట్ నోరు తెరిచాడు. మార్లీన్ బూటు మడమతో అతని కాలు తొక్కింది.

"మా ఆయనకి వకీలు వచ్చేదాకా మాట రాదు," అంది మార్లీన్. పెళ్ళయ్యాక అతనికి మాట రాకపోవడం అదే మొదలు.

కానీ పక్కూరి జట్టులో ట్రెంట్ అనే కుర్రాడు ఐసు అవతలి చివర నుంచి చూశాడు. చూసింది చూసినట్టు చెప్పాడు. దాంతో కేసు పడింది. శరీరానికి హాని కలిగించిన దాడి. ఆ పేరు విన్నప్పుడు ఓరెస్ట్ వెనక్కి తిరిగి చూశాడట, ఇంకెవరి గురించైనా అంటున్నారేమోనని. కేసు పెట్టాలా మానాలా అన్నది దెబ్బ తిన్నవాడి చేతిలో ఉండదు, ప్రభుత్వ వకీలు చేతిలో ఉంటుంది. లార్న్ ఎన్ని వేళ్ళు జార్చి చూపించినా లాభం లేకపోయింది. తీర్పు వచ్చేదాకా షరతు కూడా పెట్టారు: ఓరెస్ట్ లార్న్‌తో నేరుగా గానీ, ఇంకొకరి చేత గానీ మాట్లాడకూడదు. అతని ఇంటి దగ్గరా కొట్టు దగ్గరా కనపడకూడదు.

మా ఊరికి వీధి ఒకటే. ఆ వీధిలో ఒకణ్ణి తప్పించుకుని ఇంకొకడు బతకడమంటే, ఒకే మంచంలో పడుకుని ఒకరికొకరు కనపడకుండా ఉండటమే. చర్చి వేరు కాబట్టి ఆదివారం గడిచిపోయింది. మిగతా రోజులకి ఊరు తానే ఒక పద్ధతి పెట్టేసింది. పొద్దున కాఫీ ఓరెస్ట్‌ది, మధ్యాహ్నం కాఫీ లార్న్‌ది. ఓరెస్ట్ పోస్టాఫీసులో ఉండగా లార్న్ వస్తుంటే పోస్టాఫీసామె వెనక తలుపు తీసేది. బోల్టు కావాలంటే ఓరెస్ట్ పక్కూరికి బండి వేసుకుపోయేవాడు. అక్కడ ఇనుప సామాను కొట్లో కూర్చునేది ఎవరనుకున్నారు? సాక్షి ట్రెంటే.

"ఏమనుకోకండి బాబియాక్ గారూ," అన్నాడు మొదటిసారి. "అడిగారు, చెప్పాల్సొచ్చింది."

"మంచి పని చేశావులే. అర అంగుళం బోల్టులు ఉన్నాయా?"

"ఉన్నాయి. మీ చెయ్యి ఎలా ఉంది?"

ఓరెస్ట్ చూసుకున్నాడు. వేళ్ళ కణుపులు కమిలిపోయి ఉన్నాయి. ఆ రాత్రే మార్లీన్‌కి చూపించి, "చాలా సలుపుతోందే," అన్నాడు. మార్లీన్ ఆ చేతిని చూసి, మొగుణ్ణి చూసి, లేచి వెళ్ళి గిన్నెలు తోముకుంది.

లార్న్‌కి దవడలు తీగలతో కట్టేశారు. గొట్టంతో తాగాలి. ఓరెస్ట్‌కి తోచిన ప్రాయశ్చిత్తం బీట్‌రూట్ చారు. వాళ్ళమ్మ ఉక్రేనియన్ పద్ధతిలో నేర్పిన బోర్ష్ట్. కాచి, మిక్సీలో మెత్తగా కొట్టి, వడగట్టి సీసాలో పోశాడు. పోశాక అనుమానం వచ్చి కానిస్టేబుల్‌కి ఫోను చేశాడు.

"అమ్మా, చారు పంపిస్తే అది మాట్లాడినట్టా?"

బెర్జెరాన్ తిరిగి అడిగింది. "చారులో ఏమైనా రాసి ఉందా సార్?"

"బీట్‌రూటూ, సోంపుకూరా ఉన్నాయి."

"మీరు వండారని చెప్పకూడదు. అలా అయితే నేను వినలేదు."

మార్లీన్ సీసా పట్టుకెళ్ళింది. ఆమెకి అన్న ఇంటికి రాకపోకలకి అడ్డు లేదు, కానీ అక్కడి మాట ఇక్కడ చెప్పడం షరతుకి విరుద్ధం. అందుకని తిరిగొచ్చాక ఫ్రిజ్ తలుపు తీసి, పాల డబ్బాకి చెప్పేది. "ఈ వంటింట్లో చెవులున్నవాళ్ళు వింటే నా పూచీ లేదు. ఖాళీ సీసా ఇచ్చాడు."

వెనక బల్ల దగ్గర కూర్చున్న ఓరెస్ట్ ఆత్రంగా అడిగేవాడు. "నా గురించి ఏమైనా అన్నాడా?"

"ఏమీ అనలేదు, పాల డబ్బా."

"ఉప్పు సరిపోయిందన్నాడా? నా చేతి వంటని గుర్తుపట్టాడా? పోయిన సంగతి మనసులో పెట్టుకున్నట్టున్నాడా?"

మార్లీన్ ఫ్రిజ్ తలుపు ధడాలున వేసేది. ఎందుకంత కోపమో ఓరెస్ట్‌కి అర్థమయ్యేది కాదు. అన్నా చెల్లెళ్ళు, వాళ్ళ గొడవ వాళ్ళది అనుకునేవాడు.

అతనికి కావలసింది ఒక్కటే. లార్న్ మళ్ళీ దక్కాలి. నిజం చెప్పాలంటే లార్న్ లేక ఓరెస్ట్‌కి నోరు పడిపోయినట్టయింది. ట్రాక్టరు కింద పడుకుని ఏదో జోకు తడితే, చెప్పడానికి పక్కన ఆ మౌనం లేదు. నవ్వని మనిషి లేకపోతే జోకు వెయ్యడంలో మజా ఏముంది?

వకీలు మొఫట్ రెజైనా పట్నం నుంచి వచ్చి, వంటింట్లో కూర్చుని, దారి చూపించాడు. "మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు. నోరు మెదపకండి. సాక్షి చూసింది ఐసు అవతలి చివర నుంచి. లార్న్ బోనెక్కి జారిపడ్డానంటాడు. జారే బూటు, జారే ఐసు. కేసు ఎగిరిపోతుంది, షరతూ ఎగిరిపోతుంది. వచ్చే చలికాలం ఇద్దరూ కలిసి ఆడుకోండి."

"అదే నేను ఒప్పుకుంటే?"

"అప్పుడు జడ్జి చేతిలో పడతారు. షరతు ఇంకో ఏడాదో రెండేళ్ళో పొడిగించినా అడిగేవాడు లేడు. ఎందుకు చేజేతులా పోగొట్టుకోవడం?"

ఓరెస్ట్‌కి గుండెల మీది కుంపటి దించినట్టయింది. నోరు మెదపకుండా ఉండటం తన జాతకంలో లేని విద్యే అయినా, లార్న్ కోసం నేర్చుకుందామనుకున్నాడు.

మే నెలలో ఒక సాయంత్రం మార్లీన్ అన్న ఇంటి నుంచి వచ్చి, ఫ్రిజ్ తియ్యలేదు. కోటు విప్పకుండా తిన్నగా బల్ల దగ్గర కూర్చుంది.

"అన్నయ్య అద్దం ముందు నిలబడి జారిపడ్డాను, జారిపడ్డాను అని వల్లిస్తున్నాడు," అంది. "తీగలు తీసేశారు. నోరు తిరుగుతోంది. ఆ మాటే రావడం లేదు. మా నాన్న ఏం చెప్పేవాడో నీకు తెలుసుగా?"

ఓరెస్ట్‌కి తెలుసు. థీసెన్‌లు మెనొనైట్లనే క్రైస్తవ శాఖవాళ్ళు. వాళ్ళు కోర్టులో కూడా దేవుడి మీద ఒట్టు పెట్టరు. ఒట్టు పెడితే మామూలు మాటకి విలువ లేదన్నట్టవుతుందని వాళ్ళ నమ్మకం. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే. అలాంటి ఇంట్లో పుట్టి, చీపురు వెంట్రుకవాసి తగిలినందుకే నోరు విప్పిన మనిషి.

"వాడే అంటానన్నాడు కదే. నేను అడిగానా?" అన్నాడు ఓరెస్ట్.

"నువ్వు అడగలేదు. నీకు అడగాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది కనక? నువ్వు మాట్లాడతావు, వాడు సర్దుకుంటాడు."

ఓరెస్ట్ ఆ రాత్రి నిద్ర పోలేదని చెప్తే బాగుంటుంది గానీ, పోయాడు. గురక కూడా పెట్టాడు. మర్నాడు లేచి, ఇంక నెల్లాళ్ళు ఓపిక పడితే అంతా సర్దుకుంటుంది అనుకున్నాడు. వకీలు మాట, తన స్వార్థం, రెండూ ఒకే వైపు లాగుతున్నప్పుడు మనిషికి నిద్ర బాగానే పడుతుంది.

జూన్‌లో కోర్టు మా ఊరి మాజీ సైనికుల క్లబ్బు హాలులోకి వచ్చింది. మాకు వేరే కోర్టు లేదు. జడ్జిగారి బల్ల బాణాలాట బోర్డు కింద వేశారు. వంటగదిలో ఆడవాళ్ళు కాఫీ కాస్తున్నారు. ఊరంతా మడత కుర్చీల్లో ఉంది, ఎవరూ మొహం మొహం చూసుకోలేదు. ట్రెంట్ తాను చూసింది చెప్పాడు, చెప్పేటప్పుడు ఓరెస్ట్‌కి ఒకసారి, లార్న్‌కి ఒకసారి సారీ చెప్పాడు. మొఫట్ లేచి, అవతలి చివర ఎంత దూరమో, పిడికిలికీ చాచిన చెయ్యికీ తేడా అంత దూరం నుంచి తెలుస్తుందా అని అడిగాడు. ట్రెంట్ తటపటాయించాడు. కేసు అప్పుడే సగం నీరుగారింది. మొఫట్ కూర్చుంటూ ఓరెస్ట్ మోకాలు తట్టాడు.

"లార్న్ థీసెన్," అని పిలిచారు.

లార్న్ లేచాడు. ఫిబ్రవరి తరవాత ఓరెస్ట్ అతణ్ణి దగ్గరగా చూడటం అదే మొదలు. మనిషి చిక్కిపోయాడు. గడ్డం కాస్త పక్కకి ఒరిగినట్టుంది. బల్ల దగ్గర నిలబడితే గుమాస్తా, బైబిలు మీద ప్రమాణమా, మామూలు మాటా అని అడిగాడు.

"మామూలు మాట," అన్నాడు లార్న్. చెవులు రెండూ ఎర్రగా కందిపోయాయి.

"నిజమే చెప్తానని మాట ఇస్తున్నారా?"

లార్న్ నోరు తెరిచాడు. మూశాడు. ఒకసారి చెల్లెలి వైపు చూశాడు. ఓరెస్ట్ వైపు చూడలేదు. తెరిచి మూసిన ఆ నోటినే ఓరెస్ట్ చూస్తున్నాడు. దవడ విరగ్గొట్టింది చాలక, ఇప్పుడు లోపలున్న ఇంకోదాన్ని కూడా విరగ్గొట్టబోతున్నానురా భగవంతుడా అనిపించింది. కాళ్ళు వాటంతటవే లేచాయి. మొఫట్ అతని కోటు పట్టుకు లాగితే కోటు గుండీ ఊడింది గానీ మనిషి కూర్చోలేదు.

"జడ్జిగారూ, వాణ్ణి అడక్కండి. వాడు జారలేదు. నేనే కొట్టాను."

"మిస్టర్ బాబియాక్, మీ వకీలుతో మాట్లాడి..."

"మాట్లాడితే ఆయన వద్దంటాడండీ. నేను కొట్టాను. పిడికిలితోనే. పంది తొడ పోయిందని కొట్టాను."

హాలులో ఎవరో కిసుక్కుమని నవ్వి, వెంటనే దగ్గారు. జడ్జిగారు నవ్వలేదు. కాసేపు విరామం ఇచ్చారు, మొఫట్ పళ్ళు నూరుతూ కాయితాలు మార్చాడు, ఓరెస్ట్ నేరం ఒప్పుకున్నాడు. మొదటి తప్పు, తానే ఒప్పుకున్నాడు అని జడ్జిగారు జైలు వెయ్యలేదు. ఏడాది నిఘా, ఊరికి ఊడిగం, కోపం తగ్గించుకునే పాఠాలు. ఊరందరికీ పాఠాలు చెప్పినవాడు ఇప్పుడు ప్రతి మంగళవారం కుర్చీలో కూర్చుని వినాలి. బాగా అయిందిలే అనుకున్నాడు ఓరెస్ట్. మనసు దూదిపింజలా తేలిపోతోంది. చాలా గొప్ప పని చేశాననిపించింది. ఎంత గొప్పగా అనిపించిందంటే, తరవాత జరగబోయేదంతా కళ్ళకి కట్టింది: లార్న్ లేచి వస్తాడు, బావా అంటాడు, తను చేతులు చాస్తాడు, మార్లీన్ ఏడుస్తుంది, వంటగది ఆడవాళ్ళు కూడా బయటికొచ్చి కళ్ళు తుడుచుకుంటారు.

"ఇక దూరంగా ఉండాలన్న షరతు," అన్నారు జడ్జిగారు. "మిస్టర్ థీసెన్, మీరిద్దరూ బంధువులనీ స్నేహితులనీ విన్నాను. మీరు సరేనంటే ఈ క్షణం నుంచి ఆ షరతు తీసేస్తాను. మీ ఇష్టం ఏమిటి?"

ఓరెస్ట్ అప్పుడే సగం లేచాడు.

"ఉంచండి," అన్నాడు లార్న్.

జడ్జిగారు సరిగా వినపడలేదేమోనని ముందుకి వంగారు. "ఏమన్నారు?"

"తీసెయ్యకండి. ఉంచండి." లార్న్ నెమ్మదిగా, ఒక్కో మాటా చూసుకుని పెడుతున్నాడు. "నొప్పిగా ఉందండీ ఇంకా. తిన్నప్పుడు, ఆవలించినప్పుడు. రాత్రిళ్ళు కూడా. వీధిలో వాడి బండి చప్పుడు వినపడితే దవడ బిగుసుకుపోతోంది. ఇప్పుడు వాడొచ్చి పక్కన కూర్చుంటే, పర్లేదులే బావా అనాల్సొస్తుంది. అనేస్తాను. ఎప్పుడూ అనేస్తాను."

"ఎప్పటిదాకా ఉంచమంటారు?"

"తెలీదండీ. తగ్గాక నేనే వచ్చి చెప్తాను."

జడ్జిగారు అలాగే రాసుకున్నారు. సగం లేచిన ఓరెస్ట్ ఎటూ కాకుండా కాసేపు వంగి నిలబడి, కూర్చున్నాడు. చుట్టూ మడత కుర్చీలు చప్పుడు చేస్తున్నాయి. జనం అతన్ని చుట్టి వెళ్తున్నారు. లార్న్ ముందు తలుపులోంచి వెళ్ళేదాకా ఓరెస్ట్ అక్కడే ఉండాలని కానిస్టేబుల్ మెల్లిగా చెప్పింది. మొఫట్ ఊడిన గుండీ అతని చేతిలో పెట్టి, "మూణ్ణెల్ల తరవాత షరతు మార్చమని అర్జీ పెట్టుకోవచ్చు, నేను చూస్తాను," అన్నాడు.

ఓరెస్ట్ తల అడ్డంగా ఊపాడు. అతనికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి, అది షరతు గురించి కాదు. ఫిబ్రవరి నుంచీ తను వంటింట్లో అడిగిన ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చారు గురించి అడిగాడు, ఉప్పు గురించి అడిగాడు, తన గురించి అడిగాడు. తన చెయ్యి సలుపుతోందని చెప్పాడు.

మార్లీన్ కోటు వేసుకుంటూ, "నేను అన్నయ్యతో వెళ్తున్నా. నువ్వు నడిచి రా," అంది.

"మార్లీన్."

"ఏంటి?"

"వాడికి అంత నొప్పిగా ఉందా?"

మార్లీన్ కోటు గుండీలు పెట్టుకోవడం ఆపి అతని మొహంలోకి చూసింది.

"ఉంది," అంది. "చాలా ఉంది."